కరివేపాకు పొడిలో నేను కలిపింది

మీ బడివాళ్ళు అడిగింది ఒక చార్టు. పైన "విటమిన్ ఎ, మంచి ఆహారం" అని రాసి, కింద క్యారెట్టు, గుమ్మడికాయ, పాలకూర, గుడ్డు, పాలగ్లాసు బొమ్మలు వేసి, విటమిన్ ఎ తగ్గితే ఏమవుతుందో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి జవాబు రాసుకురమ్మన్నారట. నువ్వు రంగు పెన్సిళ్ళు పరుచుకుని కూర్చుని, "అమ్మమ్మా, జల్దీ చెప్పు, ఒక్క లైను చాలు" అన్నావు. ఒక్క లైనులో తేలేదే అయితే పన్నెండేళ్ళుగా లోపల పెట్టుకుని తిరుగుతానా? ఆ చార్టు రేపు చేద్దాంలే తల్లీ. ల్యాప్‌టాప్ తెచ్చుకో. నువ్వు ఇంగ్లీషు అక్షరాలు కొడితే అవి తెలుగై కూర్చుంటాయి కదా, అలా కొట్టు. ఇటు కాదు, అటు తిరిగి కూర్చో, నీ ఎడమ చెవి నావైపు ఉండాలి.

ఇది నీ కుడి చెవి గురించి.

ఆ చెవి మొగ్గలా ముడుచుకుని ఎందుకు పుట్టిందని, ఆ వైపు నీకు ఎందుకు సరిగ్గా వినపడదని నువ్వు చాలాసార్లు అడిగావు. మీ అమ్మ "దేవుడు అలా ఇచ్చాడు" అంది. మీ నాన్న "కొందరికి అలా ఉంటుంది బేటా" అన్నారు. నన్ను అడిగినప్పుడల్లా పొయ్యి మీద ఏదో మాడుతోందని వంటింట్లోకి వెళ్ళిపోయాను. నీకు చెప్పనని మీ అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తీసి ఇవాళ గట్టు మీద పెట్టేశానని రాసుకో. మీ అమ్మ ఆఫీసు క్యాబు నోయిడా నుంచి వచ్చేసరికి ఏడవుతుంది. ఈలోగా చెప్పేస్తాను.

మా చెల్లెలి దగ్గర మొదలుపెట్టాలి. అది తెలియకపోతే నేను చేసింది ఒట్టి పిచ్చిపనిలా కనిపిస్తుంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, దానికి నాలుగు. గోదావరి దగ్గర మా ఊళ్ళో దానికి తట్టు పోసింది. నీ టీకాల కార్డులో మీజిల్స్ అని ఉంటుంది చూడు, అదే. మాకు అది జబ్బు కాదు, అమ్మవారు ఇంట్లోకి రావడం. గుమ్మానికి వేపమండలు కట్టారు. తాలింపు వేయకూడదు, నీచు తేకూడదు, ఆకుకూర ముట్టకూడదు. పిల్లకు చప్పిడి అన్నం, అందులో పలచని మజ్జిగ. పథ్యం తప్పితే అమ్మవారికి కోపం వస్తుంది. అమ్మ పొలానికి వెళ్తూ నన్ను కాపలా పెట్టింది. "అదేమైనా నోట్లో పెట్టుకుందో, నీ వీపు చీరేస్తాను" అంది.

నేను గడపలో కూర్చుని బొప్పాయి ముక్క తింటున్నాను. పెరట్లో చెట్టున పండినది, లోపల కుంకుమ రంగు. అది చాప మీంచి పాక్కుంటూ వచ్చింది.

"అక్కా, కొంచెమే."

"పో, పడుకో. అమ్మవారు చూస్తోంది."

"చూడట్లేదు. నిద్రపోయింది."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఏమరుపాటుగా ఉన్నప్పుడు నా చేతిలో ముక్క లాక్కుని నోట్లో కుక్కేసుకుంది. నేను దాని దవడలు పట్టుకుని, నోట్లో వేలు పెట్టి బయటికి తీశాను. అది నా వేలు కొరికింది. అయినా వదల్లేదు, మొత్తం తీసేశాను. ఆ ముక్క మట్టిలో పడింది. కోడి వచ్చి తినేసింది. అది ఏడవలేదు, కోడి తింటుంటే చూస్తూ కూర్చుంది.

తట్టు తగ్గింది. పథ్యం తగ్గలేదు. విరేచనాలు పట్టుకున్నాయని పాలు మానేశారు, గుడ్డు వేడి అన్నారు, ఆకుకూర వాతం అన్నారు. రంగున్న తిండి ఏదీ దాని కంచంలో పడలేదు. ఒకరోజు పొద్దుగూకే వేళ, గూట్లో దీపం వెలుగుతూనే ఉంది, అది నన్ను అడిగింది. "అక్కా, ఇంకా దీపం పెట్టలేదేంటే?"

ఆట అనుకున్నాను. "కళ్ళు తెరిచి చూడవే గుడ్డిదానా" అన్నాను.

ఈ మాట కొట్టడానికి ఆగావేం? అన్నాను తల్లీ, కొట్టు.

దానికి ఏడ్చినా కన్నీళ్ళు రావడం మానేశాయి. తర్వాత నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు పడింది. వీధి చివర ముసలమ్మ వచ్చి చూసి, "రేచీకటి ముదిరిపోయింది, మేక కార్జం కాల్చి పెట్టండే, చూపు నిలుస్తుంది" అని మా అమ్మతో పోట్లాడింది. అమ్మవారికి మొక్కు తీర్చకుండా ఇంట్లోకి నీచు ఎలా తెస్తామని మా వాళ్ళు అన్నారు. మొక్కు తీర్చే నాటికి రెండు కళ్ళూ పోయాయి. ఆ వచ్చే వానాకాలం మళ్ళీ విరేచనాలు పట్టుకుని అదీ పోయింది.

దేనివల్ల పోయిందో నాకు చాలా ఏళ్ళు తెలియదు. పెళ్ళయ్యాక మీ తాతయ్య సైన్యం ఉద్యోగంతో ఢిల్లీ కంటోన్మెంటుకు వచ్చాం. మీ అమ్మకు తొమ్మిది నెలలప్పుడు తట్టు సూది వేయించడానికి తీసుకెళ్తే, అక్కడి నర్సు సూది వేసి, పసుపుపచ్చ మందు చెంచాతో నోట్లో పోసింది. ఇదేమిటని నా వచ్చీరాని హిందీలో అడిగాను.

"దీదీ, యే ఆంఖోఁ కే లియే హై, కళ్ళ కోసం. విటమిన్ ఎ. తట్టు వస్తే ఒంట్లో ఉన్నదంతా అది తినేస్తుంది. నిల్వలేని పిల్లలకు కళ్ళు పోతాయి. సాగ్ పెట్టండి, పపీతా పెట్టండి, అండా పెట్టండి, కలేజీ పెట్టండి."

సాగ్ అంటే ఆకుకూర, కలేజీ అంటే కార్జం, పపీతా అంటే బొప్పాయి. నేను బల్ల మీద కూర్చుండిపోయాను. మీ అమ్మ ఒళ్ళో ఏడుస్తోంది. నా చూపుడువేలికి తడి తగిలింది. మీ అమ్మ నోరు అక్కడెక్కడా లేదు. ఆ తడి అప్పుడు మొదలైంది. ఇప్పటికీ పిల్లలకు అన్నం కలిపి పెట్టేటప్పుడు తగులుతుంది, చిన్న పళ్ళు గట్టిగా నొక్కినట్టు. నీకు పెట్టేటప్పుడు మధ్యలో ఆగి చెయ్యి కొంగుకు తుడుచుకుంటాను కదా, అది అందుకే.

ఇక మీ అమ్మను ఎలా పెంచానో అడుగు. తోటకూర పప్పు, మునగాకు వేపుడు, గుమ్మడికాయ పులుసు, క్యారెట్టు కోరు, ఎప్పుడైనా కార్జం వేపుడు, మళ్ళీ తోటకూర. మీ తాతయ్య కంచం ముందు కూర్చుని "ఇది ఇల్లా, మేకల దొడ్డా?" అనేవారు. సాయంత్రం లైటు వేయకముందు మీ అమ్మను దొడ్లో నిలబెట్టి "నా చేతిలో ఏముంది చెప్పు" అని రోజూ అడిగేదాన్ని. అది విసుక్కుని "గోరింటాకు" అనేది, ఏమున్నా సరే.

అంతవరకూ ఎవరికీ చెడు జరగలేదు. ఆకుకూరల్లో, క్యారెట్లో ఉన్నదాన్ని ఒళ్ళు తనకు కావలసినంతే విటమిన్‌గా మార్చుకుంటుందట. ఇది నీ చార్టులో కూడా రాసుకో. కార్జంలో ఉండేది అలా కాదు, తయారై ఉన్న సరుకు. ఎక్కువైతే పోదు, పేరుకుంటుంది. ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నువ్వు కడుపున పడ్డావని తెలియగానే ఇందిరాపురంలో ఈ ఇంటికి వచ్చాను. మీ అమ్మకు నీళ్ళు తాగినా వాంతి. చెంపలు లోపలికి పోయాయి. ఆకుకూర వాసనకే పరుగెత్తేది. బొప్పాయి నేనే పెట్టలేదు, కడుపుతో ఉన్నవాళ్ళకు పెట్టకూడదని మా తరం నమ్మకం. ఇక మిగిలింది కార్జం. "రక్తం పడుతుంది, పిల్లకు కళ్ళు బాగుంటాయి" అని రోజూ తెచ్చాను. మిరియాలు వేసి వేపుడు, కొత్తిమీర వేసి ఇగురు. మాంసం కొట్టు అతను నవ్వేవాడు.

"అమ్మాజీ, మళ్ళీ కలేజీయేనా? మీ ఇంట్లో పులిని పెంచుతున్నారా?"

"మనవరాలిని పెంచుతున్నాను భయ్యా."

"అరే, అమ్మాయేనని అప్పుడే ఎలా తెలుసు?"

"నాకు తెలుసు, నువ్వు తూచు."

నిజంగానే తెలుసనుకున్నాను. మా చెల్లెలు మళ్ళీ వస్తోందనుకున్నాను. ఎవరికీ చెప్పని మాట ఇది. ఈసారి దాని నోట్లోంచి ఏదీ తీయను, పెట్టడమే, అనుకున్నాను.

రెండు వారాలకు మీ అమ్మకు వెగటు పుట్టింది. "అమ్మా, కార్జం పేరెత్తావంటే నేను ఇల్లొదిలి పోతాను" అంది. సరే అన్నాను. అదే సమయానికి నవరాత్రులు వస్తున్నాయి. ఇక్కడ నవరాత్రుల్లో మాంసం కొట్లు మూసేస్తారు. ముందురోజే వెళ్ళి రెండు కిలోల కార్జం తెచ్చాను. ఉడికించి, సన్నగా తరిగి, బాల్కనీలో గుడ్డ కప్పి ఎండబెట్టి, సన్నటి సెగ మీద కరకరలాడేలా వేయించాను. దాన్ని వేయించిన కరివేపాకు, ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్రతో కలిపి మిక్సీలో మెత్తగా పట్టాను. నల్లగా, ఘాటుగా వచ్చింది. కరివేపాకు పొడి అన్నాను.

వేడన్నంలో ఆ పొడి, నెయ్యి వేసి కలిపి పెడితే, మీ అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. నావైపు చూసింది. నేను నెయ్యి గిన్నె వైపు చూశాను. రెండో ముద్ద తింది. వాంతి కాలేదు. ఆ పూట కంచం ఖాళీ చేసింది. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను, సంతోషంతోనే. తర్వాత రోజూ పొద్దున, రాత్రి అదే. చెంచా నిండా వేసేదాన్ని. నవరాత్రులు అయిపోయాక ఇంకో డబ్బా చేశాను.

మూడో నెల నిండుతుండగా మీ అమ్మ పెదవులు పగిలి రక్తం వచ్చేది. అరచేతుల్లో చర్మం ఊడేది. తలనొప్పి. డాక్టరమ్మ దగ్గరికి నేనూ వెళ్ళాను. ఆవిడ అరచేతులు తిప్పి చూసి, ఏం తింటున్నావని అడిగింది.

"ముందు మమ్మీ లివర్ పెట్టేది. మానేశాను" అంది మీ అమ్మ.

"మానేసి మంచి పని చేశావు. లివర్‌లో విటమిన్ ఎ చాలా ఎక్కువ. ఈ మొదటి మూడు నెలల్లో రోజూ తింటే లోపలి బిడ్డకు మంచిది కాదు. చెవులు, గుండె, మెదడు అప్పుడే తయారవుతాయి. కూరగాయలు, పాలు, గుడ్డు చాలు. ఇంకేమైనా తీసుకుంటున్నావా?"

"లేదు" అంది మీ అమ్మ.

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "మాతాజీ, ఇంకేమైనా పెడుతున్నారా?"

నాకు హిందీ అర్థం కాలేదని ఆవిడ అనుకుని ఉండాలి. ముప్పై ఏళ్ళు కంటోన్మెంట్లలో తిరిగినదాన్ని, ఒక్కో అక్షరం అర్థమైంది. తల అడ్డంగా ఊపాను. ఊపుతుంటే నా వేలు గట్టిగా నొప్పి పుట్టింది. బల్ల కింద రెండో చేత్తో పట్టుకున్నాను.

ఇంటికి రాగానే డబ్బా ఖాళీ చేసి, కడిగి, చెత్తబుట్ట కూడా కిందికి తీసుకెళ్ళి పారేశాను. పొడి ఏమైందని మీ అమ్మ ఒక్కసారి కూడా అడగలేదు. అది నా అదృష్టం అనుకున్నాను. పెదవులు మెల్లగా మానాయి. అయిదో నెల స్కానింగులో అంతా బాగానే ఉందన్నారు. నేను బయట బెంచీ మీద కూర్చుని, ఇక ఎప్పటికీ చెప్పక్కర్లేదని దండం పెట్టుకున్నాను.

నువ్వు పుట్టావు. నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. కళ్ళు నల్లగా, తళతళలాడుతూ కిటికీ వైపు తిరిగాయి. "చూస్తోంది, చూస్తోంది" అని నేను అరిచాను. ఆసుపత్రి అంతా వినపడి ఉంటుంది. అప్పుడు గుడ్డ కాస్త జారింది, నీ కుడి చెవి కనిపించింది.

మూడోరోజు మీ అమ్మకు చెప్పేశాను. నువ్వు పాలు తాగుతున్నావు. కరివేపాకు పొడిలో ఏం కలిపానో, డాక్టరమ్మ అడిగితే ఎలా తల ఊపానో అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, ఇంట్లోంచి పొమ్మంటుందనుకున్నాను. అది గోడవైపు చూస్తూ, "దీనికి ఎప్పుడూ చెప్పకు. నా మీద ఒట్టు వెయ్యి" అంది. అంతే. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు.

నీకు మూడేళ్ళప్పుడు చెవి డాక్టరును నేనే విడిగా అడిగాను. తల్లి కార్జం ఎక్కువ తింటే ఇలా అవుతుందా అని. "అమ్మా, కావచ్చు, కాకపోవచ్చు. ఏ కారణం లేకుండా కూడా పిల్లలు ఇలా పుడతారు. ఒక్క పిల్లను చూసి ఎవరూ చెప్పలేరు" అన్నాడు. ఆయన నన్ను ఓదార్చాననుకున్నాడు. నేనే చేశానని తేలితే ఏడ్చి ఊరుకునేదాన్ని. నేను కాదని తేలినా ఊరుకునేదాన్ని. ఎటూ తేలకుండా రోజూ పొద్దున నీ జుట్టు దువ్వి, ఆ తల బ్యాండు సరిచేసి, దానికున్న చిన్న వినికిడి మిషన్ నీ చెవి వెనక కూర్చోబెడుతున్నాను.

కొట్టడం ఆపావు. ఏమైనా అను.

"అమ్మమ్మా, స్కూల్లో అందరూ అడుగుతారు కదా, నేను కుక్క కరిచిందని చెప్తాను తెలుసా? ఒకసారి కోతి అని చెప్పాను. మిట్టూ వాళ్ళ గ్యాంగ్ నమ్మేసింది."

"ఎందుకే అలా?"

"క్యా బోలూఁ? ఏం చెప్పను? నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు కదా."

ఇది కూడా రాయి. నువ్వన్నది ఉన్నదున్నట్టు రాయి.

తాళం చప్పుడు. మీ అమ్మ ఇవాళ తొందరగా వచ్చేసింది. మూసెయ్యి తల్లీ. మూసెయ్యమంటే వినవేం?

"మమ్మీ, ఇది చదువు" అని నువ్వు ల్యాప్‌టాప్ అటు తిప్పావు. మీ అమ్మ బ్యాగు భుజానే ఉంది. నిలబడే చదివింది, మొదటి నుంచి. నేను దాని మొహం చూడలేక నీ చార్టు మీద గుమ్మడికాయ బొమ్మను చూస్తూ కూర్చున్నాను.

"నాకు తెలుసమ్మా" అంది చివరికి.

"ఏం తెలుసు?"

"పొడి సంగతి. మొదటి ముద్దకే తెలిసింది. చిన్నప్పటి నుంచి నీ చేతి కార్జం తిన్నదాన్ని, వెల్లుల్లి వేస్తే వాసన పోతుందా?"

"మరి ఎందుకు తిన్నావే?"

"అదొక్కటే కడుపులో నిలిచింది. ఆకలేసేదమ్మా. పైగా తెలియనట్టు తింటే తప్పు నాది కాదనిపించేది." బ్యాగు కింద పెట్టింది. "డాక్టర్ అడిగితే నువ్వు తల ఊపావు. 'లేదు' అన్నది నేను. నా నోటితో అన్నాను. నీ మీద పడింది కదా అని పన్నెండేళ్ళు ఊరుకున్నాను."

పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఆప్ దోనోఁ కో పతా థా" అంది మెల్లగా. "ఇద్దరికీ తెలుసు. చెవి నాది. నాకు తప్ప అందరికీ తెలుసు."

బ్యాండు తీసి చార్టు మీద పెట్టింది. కోపం వస్తే అది తీసేస్తుంది. "ఇంక నేను కొట్టను. మీరే రాసుకోండి" అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

పిల్ల మా ఇద్దరినీ చూసిన దగ్గర నుంచి ఈ నాలుగు లైన్లూ మా అమ్మాయి కొడుతోంది. ఇక చాలు, ఆపేద్దామే అన్నాను. వినలేదు. "డాక్టర్ గది మళ్ళీ మొదటి నుంచి చెప్పు. నేనన్న 'లేదు' దగ్గర ఆగు, అక్కడ నేను కలుపుతాను" అంటోంది. కొడుతున్న ప్రతి మాటా పైకి చదువుతోంది, ఆ తలుపు అవతలకు వినపడేంత గట్టిగా.